అతిథి రాసిన పోస్టులు

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. కొన్ని మాటలు గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోతాయి. నా విషయంలో 'మ'తో మొదలయ్యేవి మరీ మొండివి. కాలేజీ రోజుల్లో మేడిపల్లిలో ఉన్న పిన్ని వాళ్ళింటికి వెళ్ళాల్సి వస్తే, కండక్టర్‌కి ఆ పేరు చెప్పలేక, ఇంకా అవతలున్న ఘట్‌కేసర్‌కి టికెట్ తీసుకుని మధ్యలో దిగిపోయేదాన్ని. హోటల్లో మసాలా దోసె తినాలని ఉన్నా ఇడ్లీ చెప్పేదాన్ని. ఈ పిల్లకి ఇడ్లీ అంటే ఎంత ఇష్టమో అని స్నేహితురాళ్ళు అనుకునేవాళ్ళు.

డిగ్రీ చివరి సంవత్సరంలో నత్తి గురించి ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక ఫోరం కనిపించింది. నత్తి ఉన్న తెలుగువాళ్ళు ఒకరితో ఒకరు రాసుకునే చోటు అది. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఒకాయన దాన్ని మొదలుపెట్టారని అక్కడే చదివాను. అందరూ ఆయన్ని అడ్మిన్ గారు అనేవాళ్ళు. ఎవరైనా కష్టం రాస్తే ఆయన మంచి పుస్తకాల తెలుగులో, ధైర్యంగా జవాబు రాసేవారు. ఆయన నత్తిని ఎప్పుడో జయించేశారని మా అందరి నమ్మకం.

అయితే నన్ను అక్కడ కట్టిపడేసింది అడ్మిన్ గారు కాదు. నేను చేరేనాటికే ఖాతా తీసేసుకుని వెళ్ళిపోయిన ఒక సభ్యుడు. ఖాతా లేదు కాబట్టి పేరుండాల్సిన చోట 'అతిథి' అని మాత్రమే కనిపించేది. పోస్టులు మాత్రం మిగిలాయి. అతను మాట్లాడినట్టే రాసేవాడు. ఒక పోస్టు నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది: "నా పేరే నా నోట్లకెల్లి రాదు. వేరే మాటైతే దానికి బదులు ఇంకో మాట దొరుకుతది. పేరుకు బదులు ఏం జెప్పాలె? ఇయ్యాల ఆఫీసుకు పోయి ముందుగాలనే జెప్పిన, నాకు నత్తి ఉంది, జర ఆగాలె అని. ఆగిన్రు."

ఉప్పల్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూకి నేను ఆ పోస్టు ప్రింటు తీసి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. కూర్చోగానే, నాకు నత్తి ఉంది, కొంచెం సమయం పడుతుంది అన్నాను. వాళ్ళూ ఆగారు. ఆ ఉద్యోగమే ఇప్పటికీ చేస్తున్నాను. ఆసుపత్రుల రికార్డులు దాచే డేటాబేసులు చూసుకోవడం నా పని.

నిరుడు వేసవిలో ఫోరం సర్వర్ నడిపే కంపెనీ నుంచి ఈమెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. మా ఫోరం సాఫ్ట్‌వేర్ మరీ పాతబడింది, దాన్ని తయారుచేసిన వాళ్ళే వదిలేశారు, నెల చివర తర్వాత అది మా సర్వర్ల మీద నడవదు అని దాని సారాంశం. నేను అప్పటికి నాలుగేళ్ళుగా చిన్నా చితకా సాంకేతిక పనులు చూస్తుండేదాన్ని కాబట్టి ఉత్తరం నాకూ అడ్మిన్ గారికీ ఇద్దరికీ వచ్చింది. సభ్యులకి విషయం చెప్పాను. వాట్సాప్ గ్రూపు పెట్టుకుందాం, పాతవన్నీ ఎవరు చదువుతారు అని కొందరు రాశారు. నాకు చాలా బాధేసింది. వాట్సాప్‌లో వారం కిందటి మాటే దొరకదు. పైగా మర్నాటి నుంచే వాయిస్ మెసేజీలు మొదలవుతాయి, మాలో సగం మంది మాయమైపోతారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారుద్దాం, ఒక్క పోస్టు కూడా పోకుండా చూసే బాధ్యత నాది అని రాసేశాను. రాసిన తర్వాత భయం వేసింది. అడ్మిన్ గారి నుంచి మాత్రం జవాబు రాలేదు.

మొదటి ప్రయత్నం ఒక శనివారం పొద్దున చేశాను. పాత డేటా కాపీ తీసుకుని నా కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. గంటలోపే అయిపోయింది. సంతోషంగా తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తి మీద గీతలున్న ఇంగ్లీషు a లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, పేజీలకు పేజీలు అవే. కాఫీ తెచ్చిన అమ్మ తెర చూసి, ఇదేం భాషే అంది.

కారణం కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. పాత సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున ఎవరో డేటాబేసులో ఇది యూరప్ భాషల అక్షరాల పెట్టె అని చీటీ అంటించారు. లోపల పెట్టింది మాత్రం తెలుగు. పాత ఫోరం ఆ చీటీని పట్టించుకోకుండా పెట్టింది పెట్టినట్టు తీసి చూపించేది కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ చీటీని నమ్మింది. నమ్మి, ఉన్న తెలుగును ఇంకోసారి మార్చింది. అంతకన్నా ఘోరం, అలా మార్చినప్పుడు ప్రతి పోస్టూ రెండింతలు ఉబ్బి, పొడవైన పోస్టుల చివర్లు పట్టక తెగిపోయాయి. మా ఫోరంలో పొడవైన పోస్టులంటే, బయట ఎవరితోనూ చెప్పుకోలేక అంతా ఒక్కసారి రాసేసినవి. నేను ముందుగా కాపీ తీసుకోకుండా అసలు దాని మీదే చేసి ఉంటే అవన్నీ శాశ్వతంగా పోయేవి.

చీటీని మాత్రం పీకేసి, లోపలి సరుకును ముట్టకుండా, తెలుగు అని కొత్త చీటీ అంటించాక మళ్ళీ ఎక్కించాను. ఈసారి మొట్టమొదటి పోస్టు తెరవగానే 'నమస్కారం' అని కనిపించింది. అమ్మని పిలిచి చూపించాను.

లెక్క చూశాను. పాత ఫోరంలో ఉన్నవాటికన్నా కొత్తదాంట్లో నూట నలభై పైన పోస్టులు తక్కువ. ఏవి లేవో ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతే అర్థమైంది. రాసిన మనిషికి ఖాతా లేకపోతే, ఆ పోస్టు ఎవరిదో తెలియదని కొత్త సాఫ్ట్‌వేర్ దాటేసింది. పోయినవన్నీ అతిథి పోస్టులే.

వాటిని తేవడం కష్టం కాదు. ఒక ఖాతా సృష్టించి దాని కింద పెట్టేస్తే సరిపోతుంది. కానీ తన ఖాతా తానే తీసేసుకున్న మనిషికి నేను మళ్ళీ ఖాతా పెట్టవచ్చా? ఆ నిర్ణయం అడ్మిన్ గారిది. ఇంకో అవసరం కూడా ఉంది. ఫోరం చిరునామాను కొత్త సర్వర్ వైపు తిప్పాలంటే ఆ చిరునామా కొన్న ఖాతా ఆయన పేరు మీద ఉంది, ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళుతుంది. నేను మూడు ఉత్తరాలు రాశాను. పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. నెల చివర ఇంకా వారమే ఉంది.

ఆయన ఫోన్ నంబర్ నా దగ్గర ఉంది, అత్యవసరానికి అని ఎప్పుడో ఇచ్చారు. పదేళ్ళలో ఒక్కసారి కూడా మేం మాట్లాడుకోలేదు. నాకు ఫోనంటే ఎదురుగా మాట్లాడటం కన్నా భయం. ఎదుటివాళ్ళకి మన ముఖం కనిపించదు, మాట ఆగితే లైను కట్టయిందనుకుంటారు. ఆఫీసు మేడ మీదకి వెళ్ళి, మెట్రో రైళ్ళు రెండు వెళ్ళేదాకా చూసి, నంబర్ నొక్కాను.

ఎత్తారు. హలో అన్న మాట రాలేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. 'నేను, ఫోరం నుంచి' అనబోయి 'నే' దగ్గరే ఆగిపోయాను. మామూలుగా ఇలాంటప్పుడు అవతలివాళ్ళు రెండుసార్లు హలో హలో అని పెట్టేస్తారు. ఆయన పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఎంతసేపో తెలియదు, ఇద్దరం అలాగే ఉన్నాం.

"ఫో... ఫోరమా?" అన్నారు చివరికి.

అవునండీ అని నేనెవరో చెప్పాను. ఎలా తెలిసిందని అడిగాను.

"గింతసేపు వేరేటోళ్లెవ్వరు ఆగరు బిడ్డ," అన్నారు. "మనోళ్లే అనుకున్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక మాట కొంచెం తేలికైంది. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయిందనీ, తెర చూడొద్దని డాక్టర్ చెప్పారనీ, రెండో కన్ను కూడా మసకేననీ, అందుకే ఉత్తరాలు చూడలేదనీ ఆయన నెమ్మదిగా చెప్పారు. నేను విషయం చెప్పి, ఓటీపీ పంపించాను. ఫోన్‌ని దూరంగా పట్టుకుని అంకెలు పోల్చుకుంటున్నానని చెప్పారు. ఆరు అంకెల్లో రెండోది నాలుగు. ఆ 'నా' రావడానికే గడువు అయిపోయింది. మళ్ళీ పంపించాను. ఈసారి ఆయన అయిదు అంకెలు చెప్పగలిగారు, నేను సరిగ్గా విన్నానా అని తిరిగి చెప్పబోయి నేనే ఆగిపోయాను. అదీ పోయింది.

ఇంటికే రమ్మన్నారు. ఆయన ఉండేది చెంగిచెర్లలో.

శనివారం మధ్యాహ్నం నాచారం నుంచి ఉప్పల్ వచ్చి, అక్కడ షేర్ ఆటో ఎక్కి వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ నన్ను చూడగానే లోపలికి రమ్మంది. "ఫోన్ల మాట్లాడిన పిల్లవే గదా," అంది. ఆ రోజు ఆయన అంతసేపు ఫోన్ పట్టుకోవడం ఇన్నేళ్ళ కాపురంలో చూడలేదట. ఆయన నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. సన్నగా, నెరిసిన మీసంతో, నేను ఊహించుకున్న దానికన్నా చిన్న మనిషి. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఓటీపీ పని రెండు నిమిషాల్లో అయిపోయింది, అంకెలు ఆవిడే చదివింది. తర్వాత అతిథి పోస్టుల సంగతి చెప్పాను. ఏవేవి అని అడిగారు. ఆయన చూడలేరు కాబట్టి నేనే పైకి చదవాలి. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను. ఇంకొకరి ముందు పైకి చదివి నాకు ఎన్నాళ్ళైందో. ప్రతి రెండో వాక్యం దగ్గరా ఆగుతున్నాను. ఆయన కదలకుండా వింటున్నారు. మా ఫోరంలో చేరిన ప్రతివాళ్ళూ మొదట చదివే నియమం ఒకటుంది, ఎదుటివాళ్ళ మాటను మనం పూర్తి చేయకూడదు అని. అది రాసింది ఆయనే.

నాలుగోదో అయిదోదో, పెళ్ళి గురించిన పోస్టు. "నా పెండ్లిల అయ్యగారు గోత్రం అడిగితే నోట్లకెల్లి రాలె," అని చదివాను. తర్వాతి వాక్యం 'మా' తో మొదలవుతుంది. పెదవులు అతుక్కుపోయాయి.

"మా చిన్నాయిన జెప్పిండు," అన్నారాయన.

నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆయన ఆగలేదు.

"అందరు నేను సిగ్గుపడుతున్న అనుకున్నరు. నేను నవ్విన. గా నవ్వు మీద నాకు ఇప్పటికి కోపం."

తెర మీద అవే మాటలున్నాయి. ఆయన ఒక్క చోట కూడా తడబడలేదు. నేను ల్యాప్‌టాప్ వైపూ ఆయన వైపూ చూశాను. వంటింటి గుమ్మంలో ఆవిడ నిలబడిపోయింది.

"గోత్రం యాది లేదేమో అనుకున్న గదా," అంది. "ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

ఆయన అద్దాలు తీసి, ఆపరేషన్ అయిన కన్ను తుడుచుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత అంతా చెప్పారు. ఫోరం పెట్టిన కొత్తలో మూడు నెలలు ఎవరూ రాలేదట. ఖాళీగా ఉన్న చోటికి ఎవరొస్తారని, ఇంకో పేరుతో ఖాతా తెరిచి, ఆ పేరుతో కష్టాలు రాసి, అడ్మిన్‌గా తనే జవాబులు రాసేవారట. నిజమైన సభ్యులు పదిమంది చేరాక ఆ ఖాతా తీసేశారట.

నా సంచిలో పెట్టుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్ళిన కాగితం అసలు లేనే లేని మనిషిదా అనిపించింది. ఆ విషయం ఆయనకి చెప్పాను. ముక్కలు ముక్కలుగా, కొంచెం కటువుగానే చెప్పాను. ఆ ఆఫీసు, ఆ జర ఆగాలె అన్నది కూడా కల్పనేనా అని అడిగాను.

"అబద్ధం ఒక్కటి రాయలె బిడ్డ," అన్నారు. "ఆఫీసుకు పోయింది నేనే, జెప్పింది నేనే. అడ్మిన్ పేరు మీద గవన్ని రాస్తే, ఈయనకే రాదు మనకేం జెప్తడు అంటరని బుగులుపడ్డ."

"మరి అడ్మిన్ జవాబులు?"

"అవి పుస్తకాలల్ల జూసి రాసిన."

ముందు నవ్వింది ఆవిడ. తర్వాత నేను. ఆయన మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కానట్టు చూసి, తనూ కలిశారు. టీ వచ్చింది. ఆ పోస్టులు కొత్త ఫోరంలో ఎవరి పేరు మీద ఉండాలని నేను అడిగాను. ఆయన కప్పు కింద పెట్టారు.

"నా పేరు మీదనే వెయ్యి," అన్నారు. కోప్పడేవాళ్ళు ఉంటారని హెచ్చరించాను. కోప్పడనీ అన్నారు. సభ్యులకి ఒక వివరణ ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను. ఒక పేజీ రాయడానికి సాయంత్రమైంది. దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చమంటారా అంటే, వద్దన్నారు.

మర్నాడు, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పాత ఫోరంలో కొత్త పోస్టులు ఆపేశాను. చివరి కాపీ తీసి, చీటీ మార్చి, ఎక్కించి, లెక్క చూశాను. సరిపోయింది. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. పదిమంది సభ్యులను ముందే అడిగి పెట్టుకున్నాను, ఒక్కొక్కరూ తమ అన్నిటికన్నా పొడవైన పోస్టు తెరిచి చివరి వాక్యం ఉందో లేదో చూడమని. పదకొండు లోపు పదిమందీ ఉందని రాశారు. అప్పుడు చిరునామా తిప్పాను.

తప్పులు లేకపోలేదు. పాస్‌వర్డ్ మార్చుకోమని వెళ్ళిన మెయిళ్ళు సగం మందికి స్పామ్‌లో పడ్డాయి. గంటల లెక్క ఒకటి నేను సరిచూసుకోలేదు. "నేను పొద్దున తొమ్మిదింటికి రాసినవన్నీ తెల్లవారుజామున మూడున్నరకి రాసినట్టు చూపిస్తున్నాయి, నేను జీవితంలో అప్పుడు లేవలేదు" అని ఒకావిడ ఫిర్యాదు. భోజనం వేళకి అది సరిచేశాను.

అడ్మిన్ గారి వివరణ ఆ సాయంత్రం పెట్టాను. రాత్రిలోపు నలభై జవాబులు వచ్చాయి. ఆ పోస్టులు చదివే ఫోరంలో చేరామని చాలామంది రాశారు. మీకు ఇప్పటికీ మాట ఆగుతుందా అని ఒకరు అడిగారు. ఆగుతుంది, నిన్న కూరగాయల బండి దగ్గర ఆగింది అని ఆయన నాకు ఫోన్‌లో చెప్పి రాయించారు. ఏఎస్ రావు నగర్‌లో ఉండే ఒక లెక్కల మాస్టారికి మాత్రం చాలా కోపం వచ్చింది. ఆయన మొదట చేరిన పదిమందిలో ఒకరు. అతిథికి ధైర్యం చెబుతూ పేజీలకు పేజీలు రాసిన మనిషి. లేని మనిషి కోసం నా చేత అంత రాయించారా అని రాసి, వెళ్ళిపోయారు. అడ్మిన్ గారు ఆయనకి జవాబుగా, మీరు రాసినవి నేను వర్క్‌షాప్‌కి పోయేటప్పుడు జేబులో పెట్టుకుపోయేవాణ్ణి అని మాత్రం రాయించారు. రెండు వారాలు గడిచాక మాస్టారు తిరిగి వచ్చారు. దాని ప్రస్తావన ఏమీ తేకుండా, అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా కనిపించేట్టు చేయవచ్చా అని నన్ను అడిగారు. చేశాను.

ఈలోగా నెల చివర పాత సర్వర్ ఆగిపోయింది. అప్పటికి దాన్ని తెరిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను భయపెట్టింది ఒక్కటే. అన్ని తాళాలూ ఒక్క మనిషి దగ్గర ఉండటం, ఆ మనిషి కంటికి కట్టు పడటం. అందుకని ఇంకో ఇద్దరికి పని నేర్పుతానని ఫోరంలో రాశాను. ముందుకు వచ్చినవాళ్ళలో ఒకరు ఆ లెక్కల మాస్టారు, ఇంకొకరు బోడుప్పల్‌లో మందుల షాపు నడిపే అమ్మాయి. ఆదివారాలు నాచారంలో మా ఇంటికి వస్తున్నారు. అరగంటలో చెప్పగలిగేది మాకు రెండు గంటలు పడుతుంది. ఒకరికి మాట ఆగితే మిగతా ఇద్దరం తెర చూస్తూ కూర్చుంటాం. ఎవరికీ తొందర లేదు. మొదటి వారం అమ్మ గది బయటి నుంచి, ఇంత నిశ్శబ్దంగా ఉన్నారేంటి, గొడవ పడ్డారా అని అడిగింది.

మూడో ఆదివారం మాస్టారు నా సాయం లేకుండా ఒక పాత కాపీ నుంచి ఫోరం మొత్తాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆయన లెక్క ఆయనే చూసుకున్నారు, కాగితం మీద కూడా వేసుకుని. సరిపోయింది. అమ్మ తెచ్చిన టీ ఆయన ముందు చల్లారిపోయి ఉంటే, వద్దంటున్నా తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి ఇచ్చింది.